లైపోసక్షన్ తర్వాత వాపు: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో లాగేసే ఆపరేషన్, అయిన నాలుగో రోజు పొద్దున ఫోను మోగుతుంది. "అక్కా, పొట్ట తగ్గుతుందని చేయించుకుంటే ముందుకన్నా పెద్దదైంది. బరువు రెండు కిలోలు పెరిగాను. అసలు కొవ్వు తీశారా?" ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో డ్రెస్సింగులు చేస్తూ పదకొండేళ్లు గడిపినదాన్ని. ఊరు మారుతుంది, గొంతు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. అందుకే ఒకసారి కూర్చుని అంతా రాసి పెడుతున్నాను.

కొవ్వు తీశారు. మీకు కనిపిస్తున్నది నీరు. కొవ్వు లాగే ముందు చర్మం కింద సెలైన్, లిగ్నోకెయిన్ (ఆ చోటును మొద్దుబార్చే మత్తుమందు), అడ్రినలిన్ (రక్తనాళాలను ముడిచే మందు) కలిపిన ద్రవాన్ని నింపుతారు. 1980లలో అమెరికాలోని చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ రూపొందించిన పద్ధతి ఇది. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ తెలుస్తుంది. కానీ ఆ ద్రవంలో కొంతే తిరిగి బయటికి వస్తుంది, మిగతాది లోపలే ఉంటుంది. పైగా సన్నని గొట్టం వందలసార్లు అటూ ఇటూ తిరిగిన చోటికి, దెబ్బ తగిలిన ఏ చోటికైనా పంపినట్టే, శరీరం నీటిని పంపుతుంది. తూకం యంత్రం చూపేది ఈ రెండింటినీ.

ఒక్క మాట ముందే చెబుతాను. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో ఇంకోలా ఉంటే దాన్నే పాటించండి. మీకు ఎంత తీశారో, ఎక్కడ తీశారో ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

ముందు ఇది చదవండి: ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఇవి చివర్లో రాస్తే ఎవరూ అక్కడిదాకా రారు.

- ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, గుండె దడ, అయోమయంగా మాట్లాడడం, స్పృహ తప్పడం. వెంటనే 108కి ఫోను చేయండి. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ఇలాగే ఉంటుంది. ఈ ఆపరేషన్ తర్వాత ప్రాణం మీదికి వచ్చేవాటిలో ఇది ముఖ్యమైనది.
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొక్కితే నొప్పి పుట్టడం. రెండు కాళ్లూ సమానంగా వాస్తే కంగారు తక్కువ, ఒకటే వాస్తే ఎక్కువ.
- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, చలితో వణుకు.
- తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, ఎరుపు పాకుతూ పోవడం, చర్మం నల్లబడడం లేదా బొబ్బలెక్కడం, కారే నీరు దుర్వాసన వేయడం.
- పొట్ట చెక్కలా బిగుసుకుపోయి వాంతులు కావడం.
- కొన్ని గంటల్లోనే ఒక పక్క మాత్రం బుడిపెలా ఉబ్బి బిగువెక్కడం. లోపల రక్తం చేరి ఉండవచ్చు.
- మొదటి రోజు చెవుల్లో హోరు, పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి. మత్తుమందు మోతాదు ఎక్కువైన సూచన. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి.

కావలసినవి

ఆపరేషన్‌కు ముందే కొని పెట్టుకోండి. తర్వాత దుకాణాల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు.

- ఆసుపత్రి చెప్పిన కొలతలో రెండు బిగుతు తొడుగులు. డాక్టర్లు గార్మెంట్ అంటారు, మనవాళ్లు బెల్టు అంటారు. ఒకటి ఉతికితే ఇంకొకటి ఒంటిమీద ఉండాలి.
- దర్జీ వాడే టేపు, ఒక నోటుపుస్తకం, థర్మామీటరు.
- పరుపు మీద వేయడానికి రబ్బరు షీటు, పాత నూలు దుప్పట్లు, నీరు పీల్చే ప్యాడ్లు.
- వదులైన నైటీ, లుంగీ లేదా ముందు గుండీలుండే చొక్కా. తలమీదుగా వేసుకునేవి మొదటి వారం వద్దు.
- స్నానాల గదిలోకి ప్లాస్టిక్ స్టూలు.
- మొదటి రెండు రాత్రులు పక్కన ఉండే మనిషి.

గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు ఆపరేషన్‌కు ముందే తీసి బీరువాలో పెట్టండి. చేతులకు చేయించుకుంటే వేళ్లూ, తొడలకు చేయించుకుంటే పాదాలూ వాస్తాయి. మెట్టె బిగుసుకున్నాక కత్తిరించి తీయాల్సి వస్తుంది. నేను కత్తిరించినవే చాలా ఉన్నాయి.

1. మొదటి రెండు రోజులు: కారేదాన్ని కారనివ్వండి

గొట్టం పెట్టిన చిన్న రంధ్రాల్లోంచి లేత గులాబీ రంగు నీరు కారుతుంది. దుప్పటి తడుస్తుంది, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. చాలామంది సర్జన్లు ఆ నీరు పోవాలనే రంధ్రాలకు కుట్లు వేయరు, లేదా వదులుగా వేస్తారు. ఎంత బయటికి పోతే వాపు అంత తక్కువ. ప్యాడ్లు మారుస్తూ ఉండండి. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆగిపోతుంది.

కారేది నీరో, రక్తమో ఎలా తెలుస్తుంది? రంగు చూడండి. నీళ్లలో కొద్దిగా కుంకుమ కలిపినట్టుంటే పరవాలేదు. చిక్కగా, ఎర్రగా, గడ్డలతో రక్తమే వస్తుంటే గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి ఫోను చేయండి.

మొదటి రోజు నొప్పి అంతగా లేదని మురిసిపోకండి. నింపిన ద్రవంలో మత్తుమందు ఉంది కదా, అది దిగాక మర్నాడు అసలు నొప్పి మొదలవుతుంది. తొలిరోజు హాయిగా ఉందని ఇల్లంతా సర్దినవాళ్లు రెండో రోజు మంచం దిగలేకపోవడం చూశాను.

పడుకునే తీరు: పొట్టకు చేయించుకుంటే వీపు కింద దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు. కాళ్లకైతే పాదాలు గుండెకన్నా ఎత్తులో. గడ్డం కింద చేయిస్తే తల ఎత్తులో.

2. అదే రోజు సాయంత్రం నుంచి నడవండి

"ఆపరేషన్ అయిన మనిషి కదలకూడదు" అని అమ్మమ్మలు గట్టిగా నమ్ముతారు. ఈ విషయంలో మాత్రం వాళ్ల మాట వినకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి, పక్కన ఒకరిని పెట్టుకుని, గదిలో ఐదు నిమిషాలు నడవండి. పిక్క కండరం కదిలినప్పుడల్లా సిరల్లో రక్తం పైకి పోతుంది, గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. మంచం మీద ఉన్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడించండి.

నడవడం వేరు, నిలబడడం వేరు. వంటగదిలో గంటసేపు నిలబడితే నీళ్లన్నీ కాళ్లలోకి దిగుతాయి.

3. బెల్టు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

నేను చూసిన సర్జన్లలో చాలామంది మొదటి రెండు మూడు వారాలు స్నానం వేళ తప్ప రోజంతా వేసుకోమంటారు, తర్వాత మరో రెండు మూడు వారాలు రోజుకు 12 గంటలు. ఎన్నాళ్లో మీ కాగితంలో చూసుకోండి. ఎలా వేసుకోవాలో మాత్రం అందరికీ ఒకటే.

వేసుకున్నాక రెండు వేళ్లు లోపలికి దూర్చి చూడండి. కాస్త కష్టంగా దూరాలి. అసలు దూరకపోతే బిగుతు ఎక్కువ, అరచేయి పడితే వదులు. తర్వాత కాలి లేదా చేతి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. వేళ్లు చల్లబడినా, నీలిరంగు తిరిగినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయండి. చివరగా అద్దం ముందు కూర్చుని చూడండి, నిలబడి కాదు. కూర్చుంటే నడుము దగ్గర మడత పడుతుంది. ఆ మడత రోజుల తరబడి అలాగే ఉంటే చర్మం మీద గాడి పడుతుంది, ఒక్కోసారి పోదు. మడత పడే చోట పలుచని ఫోమ్ ముక్క పెట్టమని డ్రెస్సింగ్ చేసేవాళ్లను అడగండి.

"ఇంకో సైజు చిన్నది వేసుకుంటే తొందరగా తగ్గుతుంది కదా?" తగ్గదు. బిగుతు హద్దు దాటితే నీరు పైకి వెళ్లే దారి మూసుకుపోయి కిందికి దిగుతుంది, బొబ్బలు వస్తాయి.

బెల్టు బదులు పాత చీరతో నడికట్టు కడతామంటారు ఇంట్లో పెద్దవాళ్లు. బాలింతకు కట్టినట్టే కదా అని వాళ్ల లెక్క. గుడ్డ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా పడుతుంది. బిగిసిన చోట గాడి, వదులున్న చోట నీటి సంచి మిగులుతాయి. ప్రసవం తర్వాత వాడే పొట్ట బెల్టు కూడా నడుముకూ తొడలకూ సరిపోదు.

ఎండాకాలంలో చేయించుకున్నవాళ్లకు వేరే నరకం. చెమటకు దురద, పొక్కులు. లోపల పలుచని నూలు బనియను వేసుకుని దాని మీద బెల్టు వేసుకోండి, బనియను మాత్రం ముడత లేకుండా లాగి ఉండాలి. తడిసిన వెంటనే మార్చండి. పౌడరు రంధ్రాల మీద పడనివ్వకండి. చేయించుకోవడం ఎప్పుడో మీ చేతిలో ఉంటే నవంబరు, డిసెంబరు చూసుకోండి. విజయవాడ మే నెలలో ఆరు వారాలు బెల్టుతో గడపడం మాటలు కాదు.

4. మొదటి స్నానం

డాక్టరు ఒప్పుకున్నాక, సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత. ఏదైనా తిని, నీళ్లు తాగి, మంచం మీద పడుకునే బెల్టు విప్పండి. పది నిమిషాలు ఆగి లేవండి. పట్టి ఉంచిన ఒత్తిడి ఒక్కసారిగా పోతే తల తిరుగుతుంది. స్నానాల గదిలో పడి తల పగలగొట్టుకున్నవాళ్లున్నారు, ఎక్కువగా "నాకేం కాదు" అనే మగవాళ్లు. స్టూలు మీద కూర్చుని గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. లోపల గడియ పెట్టకండి. రంధ్రాలు పూర్తిగా మూసుకునేదాకా ఈత, నదీస్నానం వద్దు.

5. తిండి, నీళ్లు, మాత్రలు

మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని కందిపప్పు ఆపేస్తారు. గుడ్డు వేడి అంటారు. చివరికి రోగికి మిగిలేది ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. చీము పట్టించేది సూక్ష్మజీవులు, పప్పు కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం, మీరు రోజూ తినేవే తినండి.

తగ్గించాల్సింది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికే రోజుకు 5 గ్రాములకు లోపు అంటుంది, అంటే కూరలో, పెరుగులో, పచ్చడిలో అన్నీ కలిపి ఒక టీస్పూనుకు లోపే. ఆవకాయ, చల్ల మిరపకాయలు, అప్పడాలు, వడియాలు ఉన్న భోజనంలో ఆ లెక్క మొదటి పూటకే దాటిపోతుంది. ఆరు వారాలు ఊరగాయ జాడీని పై అరలో పెట్టండి. ఏ రోజు ఆవకాయ తిన్నారో మర్నాటి కాళ్ల వాపు చూసి నేను చెప్పగలను, మీరూ చెప్పగలుగుతారు.

"నీళ్లు తాగితే ఒంట్లో నీరు చేరుతుంది" అనుకుని దాహంతో ఉండకండి. మూత్రం లేత పసుపులో వచ్చేలా తాగండి. ముదురు రంగులో వస్తే తక్కువ తాగుతున్నట్టు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంత తాగాలో డాక్టరును అడగండి.

హెచ్చరిక: మందుల షాపుకు వెళ్లి "వాపు మాత్ర ఒకటి ఇవ్వండి" అనకండి. ఇచ్చేది సాధారణంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్ర. రక్తం కారే గుణాన్ని పెంచవచ్చు, సర్జన్ చెబితే తప్ప వద్దు. ఇంకా ప్రమాదం నీటి మాత్రలు, అంటే మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేవి. గాయపడిన చోట చేరిన నీరు వాటితో పోదు, ఒంట్లో ఉండాల్సిన నీరూ లవణాలూ పోయి రక్తపోటు పడిపోతుంది. సిగరెట్టు, చుట్ట మానేయండి. చర్మానికి రక్తం అందక గాయం కుళ్లుతుంది.

6. అద్దాన్ని నమ్మకండి, టేపును నమ్మండి

రోజుకు పదిసార్లు అద్దం చూసుకునేవాళ్లకు వాపు తగ్గినా తెలియదు. ఇలా చేయండి.

వారానికి ఒక్కసారి, ఒకే రోజున, పొద్దున కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు కొలవండి. బెల్టు తీసిన వెంటనే కాదు, పావుగంట ఆగి. తీసిన క్షణంలో అది నొక్కి ఉంచిన కొలతే వస్తుంది. పొట్టకు బొడ్డు దగ్గర, దానికి 5 సెంటీమీటర్ల పైన, 5 సెంటీమీటర్ల కింద. తొడకు మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. టేపు ఒంటికి ఆనాలి, చర్మంలోకి దిగకూడదు. రెండుసార్లు కొలిచి రాసుకోండి. నెలకోసారి అదే గోడ ముందు, అదే వెలుతురులో ఫొటో తీయించుకోండి.

బరువు తూగడం మొదటి నెల మానేయండి. లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు, ఆకారం సరిచేసేది.

నోటుపుస్తకంలో అంకెలు దాదాపు ఇలా నడుస్తాయి. మొదటి వారంలో, ముఖ్యంగా రెండు నుంచి ఐదో రోజు మధ్య, వాపు పెరుగుతుంది. కమిలిన మచ్చలు రెండో వారంలో ఆకుపచ్చ, పసుపు రంగులకు మారి, మూడు నాలుగు వారాలకు పోతాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వాపులో పెద్ద భాగం తీస్తుంది. మిగిలింది మొండిది, మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, చీలమండల దగ్గరైతే, లేదా ఒకే చోట రెండోసారి చేయించుకుంటే ఇంకా ఎక్కువ. ఉదయం తగ్గి సాయంత్రం పెరగడం, నెలసరి ముందు పెరగడం, చాలాసేపు కూర్చున్న ప్రయాణం తర్వాత పెరగడం మామూలే. రెండు వారాలు వరుసగా కొలత పెరిగితే మాత్రం చూపించుకోండి.

సిగ్గుపడి ఎవరూ అడగని సంగతి ఒకటుంది. పొట్టకు చేయించుకున్న మగవాళ్లకు వృషణాల సంచి, ఆడవాళ్లకు మర్మాంగం వాచి నల్లగా కమలవచ్చు. నీరూ రక్తమూ కిందికి దిగడం వల్ల వచ్చేదే. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆరేడు గంటలైనా మూత్రం రాకపోయినా, భరించలేని నొప్పి ఉన్నా ఆసుపత్రికి వెళ్లండి.

7. గడ్డలు, మొద్దుబారడం, మర్దన

రెండో వారం దాటాక చర్మం కింద చేతికి రాళ్లు తగిలినట్టుంటుంది. మళ్లీ ఫోన్లు. లోపల మచ్చ కట్టి గట్టిపడుతోంది, వారాల తరబడి మెల్లగా మెత్తబడుతుంది. చర్మం మొద్దుబారడం, చీమలు పాకినట్టుండడం, అప్పుడప్పుడు సూది పోటు కూడా నరాలు కోలుకుంటున్నప్పుడు వచ్చేవే, కొన్ని నెలలు ఉండవచ్చు.

గట్టి గడ్డా, నీటి సంచా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష. వాచిన చోట ఒక పక్క వేలితో మెల్లగా తట్టండి. రెండో పక్క పెట్టిన చేతికి నీళ్ల తిత్తిలా అల తగిలితే లోపల నీరు నిలిచినట్టు, డాక్టరు సూదితో లాగేస్తారు. ఒకటి కన్నా ఎక్కువసార్లు లాగాల్సి రావచ్చు. ఇంట్లో సూదితో పొడిచిన ఒకాయన చీము పట్టి పది రోజులు మంచం మీద ఉన్నాడు.

మర్దన విషయంలో తొందర వద్దు. సర్జన్ సరే అన్నాక, శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టుతో, చర్మాన్ని మెల్లగా జరిపేంత ఒత్తిడితో, కొందరికి ఉపశమనం ఉంటుంది. నువ్వుల నూనె పోసి పిసికే మర్దన అది కాదు. ముందే ఇరవై సార్లకు డబ్బు కట్టమనేవాళ్లు ఎదురైతే, రెండు మూడు సార్లు చేయించుకుని టేపు ఏమంటుందో చూసి ఆలోచించండి.

కాపడం అసలు వద్దు. వేడినీళ్ల సంచి గానీ, ఇటుక వేడిచేసి గుడ్డ చుట్టి పెట్టడం గానీ. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, కాలిన సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. ఐసుదీ అదే కథ.

8. పనులు, ప్రయాణాలు

కూర్చుని చేసే ఉద్యోగమైతే చాలామంది వారం లోపు వెళ్లగలుగుతారు. గంటకోసారి లేవాలి. మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లు బండి నడపకండి. గ్యాస్ సిలిండరు, నీళ్ల బిందె, పసిపిల్లలను ఎత్తడం, వ్యాయామశాల నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, సర్జన్ ఒప్పుకుంటేనే.

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో సెలవు మీద వచ్చి హైదరాబాదులో చేయించుకునేవాళ్లకు ప్రత్యేకంగా: సెలవు చివరి వారంలో పెట్టుకోకండి. చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, పెళ్లిళ్లు చూసి, ఆఖరున ఆపరేషన్, ఐదో రోజు విమానం. పిక్కల్లో రక్తం గడ్డకట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. దిగిన వెంటనే చేయించుకోండి, తిరుగు ప్రయాణం తేదీ సర్జన్‌తో మాట్లాడాకే ఖాయం చేయండి. ఏ చోట్ల ఎంత తీశారో, ఏ మందులు ఇచ్చారో రాసిన డిశ్చార్జి కాగితం చేతి సంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.

9. ఆరో నెల

ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అనిపిస్తే ఆరు నెలల లోపు మళ్లీ సరిచేయించుకుంటానని పట్టుబట్టకండి. సర్జన్లు కూడా సాధారణంగా వాపు పూర్తిగా తీసేదాకా ఆగుతారు. మీరు చూస్తున్న తేడాలో ఎంత కొవ్వు, ఎంత నీరు అన్నది అప్పటిదాకా ఎవరూ చెప్పలేరు. ఆ రోజు వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, నెలనెలా తీసిన ఫొటోలు వెంట తీసుకెళ్లండి, బెల్టు వేసుకోకుండా వెళ్లండి.